చక్రం తిన్నగానే ఉంది, చువ్వలే తెగుతున్నాయి: ఒక వేసవి కేసు

ఏప్రిల్ రెండో వారం నుంచి జూన్ మొదటి వారం లోపు ఒకే సైకిలుకి నాలుగు చువ్వలు తెగాయి. నాలుగూ వెనక చక్రంవే, నాలుగూ ఎడమ వైపువే. పైగా చక్రం నడుమ ఉండే హబ్బు రంధ్రంలోంచి చువ్వ వంపు తిరిగి బయటికొస్తుందే, సరిగ్గా ఆ వంపు దగ్గరే నాలుగూ విరిగాయి. ఇంత స్పష్టంగా ఒకే చోట ఒకే జబ్బు కనిపిస్తుంటే, కారణం నా చేతిలోనే ఉందని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మాది విజయనగరం. నాన్నకి కంటోన్మెంటులో సైకిలు షాపు ఉండేది. హీరో, అట్లాస్ సైకిళ్లు, పాలక్యాన్ల బళ్లు, అద్దె సైకిళ్లు. చువ్వల్ని ఆయన పోక్సులు అనేవాడు. రిమ్ము బెండు తీయడం నేను పదేళ్ల వయసులోనే నేర్చుకున్నాను. రేసు సైకిళ్ల పని ఆ తర్వాత విశాఖలో నేర్చుకున్నాను. కొన్నేళ్లుగా వేసవి వస్తే చాలు, ఇక్కడ పోటీలకి తయారయ్యే ఎనిమిది మంది కుర్రాళ్ల సైకిళ్లు చూసే పని నాదే. డబ్బు కంటే ఇడ్లీలే ఎక్కువ గిడతాయి. కానీ తెల్లారి నాలుగున్నరకి కోట దగ్గర అందరం కలిసి బయల్దేరడం, తొమ్మిదింటికి ఎండ ముదరకముందే తిరిగొచ్చి చోడి అంబలి తాగి అరుగు మీద వాలిపోవడం ఉంటాయి కదా, వాటికోసం జీతం లేకపోయినా వెళ్తాను.

కేసులో ఉన్న కుర్రాడిది నెల్లిమర్ల. 19 ఏళ్లు, 76 కిలోలు. మా గుంపులో ఆఖరి 200 మీటర్లు వాణ్ణి పట్టుకోగలిగినవాడు లేడు. సైకిలు మాత్రం సెకండ్ హ్యాండ్: అల్యూమినియం ఫ్రేము, వెనక 10 గేర్లు, రిమ్ బ్రేకులు. వెనక చక్రంలో 28 చువ్వలు, వైపుకి 14. చక్రం ఎవరు అల్లారో, ఎప్పుడు అల్లారో అమ్మినవాడికీ తెలియదు.

మొదటి చువ్వ చింతపల్లి బీచి నుంచి వస్తూ తెగింది. నాతవలస దాటి డెంకాడ వైపు తిరిగాక టంగుమని శబ్దం. చక్రం ఊగి బ్రేకు బిళ్లకి రాసుకుంటోంది. బ్రేకు వదులు చేసి, మెల్లగా తొక్కించుకుంటూ ఊళ్లోకి తెచ్చాం. ఇరవై నిమిషాల్లో కొత్త చువ్వ ఎక్కించి బెండు తీసేశాను. అర మిల్లీమీటరు కూడా ఊగకుండా తిరిగింది. "సముద్రపు గాలికి తుప్పు పట్టుంటుంది" అన్నాను. అక్కడితో ఆ సంగతి వదిలేశాం.

రెండోది సాలూరు ఘాట్లో. జాతీయ రహదారి 26 మీద సాలూరు దాటి పాచిపెంట వైపు ఎక్కడం మొదలైతే, సుంకి దాకా కాళ్లలో సత్తువంతా పిండేస్తుంది. సగం కొండ ఎక్కాక టంగ్. సాలూరులో లారీలకేం కొదవ? ఒక బాడీ షెడ్డులో వాళ్ల బెంచి వైసు అడిగి అక్కడే చువ్వ మార్చాను. ఆ మేస్త్రీ చక్రాన్ని వేలితో తిప్పి చూసి, "తిన్నగా ఉంది బాబూ, మంచి పని" అని మెచ్చుకున్నాడు. నాకు గర్వంగానే ఉంది. ఈసారి తప్పు నాసిరకం చువ్వల మీదకి నెట్టాను.

అప్పుడే ఇంకో మాట కూడా అన్నాను. ఈ కేసులో నేను సిగ్గుపడేది దానికే. "నువ్వు బరువెక్కువున్నావురా, 70కి దిగు" అన్నాను. రేసు మెకానిక్కు మాట కుర్రాళ్లకి వేదం. వాడు రాత్రిళ్లు అన్నం మానేశాడు. రెండు వారాలకి వాళ్లమ్మ మా ఇంటికే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "సైకిలికి సువ్వలు తెగితే మా గుంటడు కూడెందుకు మానీయాల బాబూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. 32 చువ్వల ముందు చక్రం, 40 చువ్వల వెనక చక్రం ఉన్న మా పాత సైకిళ్ల మీద రెండు బియ్యం బస్తాలు వేసుకుని పోయేవాళ్లని చూస్తూ పెరిగాను. 28 చువ్వలకి 76 కిలోలు పెద్ద బరువేం కాదని నాకు తెలిసుండాలి.

మూడోది రోహిణి కార్తెలో తెగింది. రోళ్లు పగిలే ఎండలంటారు కదా, చువ్వలు కూడా పగులుతాయని ఆ రాత్రి తెలిసింది. సైకిలు మా వరండాలో గోడకి ఆనించి ఉంది. దాని మీద ఎవరూ లేరు. పదకొండు దాటాక టంగుమంది. కుక్క లేచి మొరిగింది. లైటు వేసి చూస్తే ఎడమ వైపు చువ్వ ఒకటి వేలాడుతోంది.

ఆ చువ్వతో నా కారణాలన్నీ ఎగిరిపోయాయి. బరువు లేదు, గొయ్యి లేదు, కొండ లేదు. నిలబెట్టిన సైకిల్లో తెగిందంటే, అది ఎప్పుడో పగిలి ఆఖరి దారంతో వేలాడుతోందన్నమాట.

పొద్దున్నే ఆ ముక్క పట్టుకుని గంటస్తంభం దగ్గర గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఆయన కంటికి పెట్టుకునే భూతద్దం అడిగాను. విరిగిన మొహం గుండ్రంగా, రెండు మిల్లీమీటర్ల వెడల్పుంది. మూడింట రెండొంతులు నున్నగా, కాస్త నల్లబడి ఉంది. ఆ నునుపు మీద నెలవంకల్లాంటి సన్నటి గీతలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. అలలు వెనక్కిపోయాక ఇసక మీద మిగిలే చారల్లా అనిపించాయి. మిగతా వంతు మాత్రం తెల్లగా, గరుగ్గా మెరుస్తోంది. నల్లటి భాగం రోజుకింత చొప్పున తెరుచుకున్న పగులు. తెల్లటి భాగం రాత్రి తెగినది. తీగ ముక్కని చేత్తో అటూ ఇటూ వంచి విరిచిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. గట్టిగా లాగితే తెగనిది, మళ్లీ మళ్లీ వంచితే తెగుతుంది. తుప్పు కాదు, నాసిరకం ఉక్కూ కాదు, అలసట. మరి ఎడమ వైపు చువ్వలే ఎందుకు అలసిపోతున్నాయి?

దీనికి నేనింకా జవాబు వెతుకుతుండగానే నాలుగోది తెగింది. గజపతినగరం రోడ్డు మీద స్ప్రింట్ ప్రాక్టీసులో కుర్రాడు తూలి, పక్కవాడి భుజం పట్టుకుని బతికిపోయాడు. రేసుకి ఇంక మూడు వారాలే ఉంది. నాకూ వాడికీ ఒకటే టెన్షన్.

జవాబు నాకు దొరకలేదు, నా స్నేహితుడికి దొరికింది. చిన్నప్పటి నుంచి ఒకే వీధి మాది. వాడు మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాడు. 1919లో మొదలైన ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ చెప్పినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆ మెట్లెక్కి వచ్చానని వాడికి కాస్త గీర కూడా. ఆదివారాలు లావు టైర్ల సైకిలేసుకుని మా వెనకాల వస్తాడు, సగం దారిలో టీకి ఆగిపోతాడు. ఆ రోజు షాపులో స్టూలు మీద కూర్చుని, ఏమీ తోచక, స్టాండుకెక్కించిన ఆ చక్రం చువ్వల్ని వేలితో మీటడం మొదలుపెట్టాడు.

"ఇదేట్రా, దీనికి శృతే లేదు."

"చక్రానికి శృతేటిరా?"

"వింటే తెలుస్తాది. కుడి వైపు కొంచెం నయం. ఎడం వైపు చూడు, ఇదీ దీని పక్కదీ…" అంటూ రెండు చువ్వలు మీటాడు. ఒకటి గణగణమంది, రెండోది బొంయ్‌మంది. "దాదాపు ఒక స్థాయి తేడా. ఒక తీగ మంద్రంలో, దాని పక్క తీగ పైన. ఇలగుంటే మా మాస్టారు వయొలిన్ లాక్కుని ఇంటికి పొమ్మనేవారు."

చువ్వలు మీటి చూడడం మెకానిక్కులకి కొత్త కాదు. నాన్న కూడా మీటేవాడు. నేను మానేశాను, కళ్లతోనే పని చేయడం అలవాటైపోయి. రిమ్ము బ్రేకు బిళ్లల మధ్య తిన్నగా తిరిగితే పని అయిపోయినట్టే అనుకునేవాణ్ణి.

మర్నాడు విశాఖ వెళ్లి ఒక మిత్రుడి దగ్గర చువ్వ బిగువు కొలిచే మీటరు తెచ్చాను. కుడి వైపు 14 చువ్వలు 62 నుంచి 98 కిలోల దాకా, సగటున 80. ఎడమ వైపు ఒకటి 16, దాని పక్కది 58, ఇంకోటి 25, మరోటి 60. సగటు 40. రిమ్ము మాత్రం అర మిల్లీమీటరు కూడా ఊగట్లేదు! పదిమంది తాడాట ఆడుతుంటే తాడు మధ్య గుడ్డ కదలకుండా ఉండొచ్చు. ఎవరెంత లాగుతున్నారో ఆ గుడ్డ చెప్పదు.

ఇక్కడ కొంచెం వివరం కావాలి. చాలామంది అనుకున్నట్టు సైకిలు చక్రంలో చువ్వలు కర్రల్లా బరువు మోయవు. అన్నీ ముందే లాగి బిగించి ఉంటాయి. చక్రం తిరుగుతుంటే నేలకి దగ్గరగా వచ్చిన మూడు నాలుగు చువ్వలు పై బరువుకి తగ్గట్టు బిగువు కోల్పోతాయి, పైకి వెళ్లగానే మళ్లీ బిగుసుకుంటాయి. 60 కిలోల బిగువున్న చువ్వకి ఇదొక లెక్కే కాదు. 16 కిలోలున్న చువ్వ మాత్రం కిందికొచ్చిన ప్రతిసారీ పూర్తిగా వదులైపోతుంది, వంపు దగ్గర ఇంత కదులుతుంది, మళ్లీ లాగబడుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు. ఆ రెండు నెలల్లో కుర్రాడు తొక్కింది దగ్గర దగ్గర 2,000 కిలోమీటర్లు. అంటే తొమ్మిదిన్నర లక్షల సార్లు. తెగక ఏం చేస్తుంది?

ఎడమ వైపే ఎందుకంటే, రేసు సైకిలు వెనక హబ్బులో కుడి వైపు 10 పళ్లచక్రాలు కూర్చోవాలి. అందుకని అటు చువ్వలు దాదాపు నిటారుగా, ఇటు చువ్వలు ఏటవాలుగా దిగుతాయి. రిమ్ము ఫ్రేము నడుమ నిలవాలంటే ఎడమ వైపు బిగువు కుడి వైపు దానిలో సుమారు సగమే ఉండాలి. నాన్న బాగుచేసిన సైకిళ్లలో ఒకటే ఫ్రీవీల్ కాబట్టి రెండు వైపులకీ అంత తేడా ఉండేది కాదు. ఒక వైపు కాస్త అటూ ఇటూ అయినా 40 చువ్వలు కాసేవి. ఆ చేతి అలవాటుతోనే నేను ఇక్కడా పని చేశాను.

అసలు తప్పు ఇంకా చిన్నది. చువ్వ కొసని రిమ్ముకి బిగించే చిన్న మరబిళ్లని నిప్పిల్ అంటాం. కుడి వైపు నిప్పిళ్లు అల్యూమినియంవి. చువ్వ స్టెయిన్‌లెస్, నిప్పిల్ అల్యూమినియం, మధ్యలో బీచి ఉప్పుతేమ. ఈ మూడూ కలిస్తే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి కడుతుంది. పైగా ఎక్కువ బిగువు ఉన్న వైపు. పానా పెట్టి తిప్పితే కదలవు, ఇంకొంచెం నొక్కితే మూలలు అరిగి గుండ్రమైపోతాయి. మొదటిసారే ఒకటి అలా పాడైంది. ఆ భయంతో, నాకు తెలియకుండానే, ప్రతిసారీ సులువుగా తిరిగే ఎడమ నిప్పిళ్లనే తిప్పుతూ వచ్చాను. ఇక్కడ ఊగితే ఎడమది వదులు, అక్కడ ఊగితే ఎడమది బిగింపు. రిమ్ము తిన్నగా వచ్చేది. కుడి వైపు లోపాలన్నీ ఎడమ వైపు మోసేది. నేను తీసిన ప్రతి బెండూ తర్వాతి చువ్వని తెగడానికి తయారుచేసింది.

ఇది కుర్రాడికి చెప్పాను. వాళ్లమ్మకీ చెప్పాను. ఆవిడ "మరైతే రాత్రికి తింటాడు కదా" అని మాత్రం అడిగింది.

మరమ్మతు

ముందు పాత చక్రాన్నే సరిచేద్దామని చూశాను. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచితే 14లో 9 నిప్పిళ్లు కదిలాయి, 5 కదల్లేదు. కత్తిరించక తప్పలేదు. అయిదు కత్తిరించాక మిగతావాటిని నమ్మడం దేనికని మొత్తం విప్పేశాను. పాత రిమ్ముని అద్దం బల్ల మీద పరిచి చూస్తే సమంగానే కూర్చుంది. హబ్బు రంధ్రాలూ బాగున్నాయి. అవే రెండూ ఉంచి, చువ్వలూ నిప్పిళ్లూ కొత్తవి తెప్పించాను.

ఈసారి చివర్లు 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8 ఉన్న చువ్వలు తీసుకున్నాను. సన్నవి వేస్తున్నావేంటని అందరూ అడిగారు. నడుమ సన్నగా ఉంటే చువ్వ అక్కడ కాస్త సాగుతుంది. వంపు మీద పడే దెబ్బ తగ్గుతుంది, కిందికొచ్చినప్పుడు అంత తొందరగా వదులవదు. నిప్పిళ్లు మాత్రం ఇత్తడివి. 28 నిప్పిళ్లకి కలిపి పెరిగే బరువు 20 గ్రాములు. ఒక గుక్కెడు నీళ్లు. అల్యూమినియం నిప్పిళ్లు పెట్టమని అడిగే కుర్రాళ్లకి నేను ఇదే చెబుతాను: చింతపల్లి, కళింగపట్నం, బారువ వైపు తొక్కేవాడికి ఆ 20 గ్రాములు దండగ కాదు.

అల్లడం ఒక గంట పని. బిగించడానికి రెండు రోజులు తీసుకున్నాను. చువ్వల మరకి గ్రీజు రాసి, అన్ని నిప్పిళ్లూ ఒకే లోతు దాకా తిప్పి, అక్కడి నుంచి అన్నిటికీ సమంగా అర చుట్టు, అర చుట్టు, తర్వాత పావు చుట్టు. నిప్పిల్ తిప్పుతుంటే చువ్వ కూడా మెలిపడుతుంది. అందుకని కావలసినదానికంటే కొంచెం ఎక్కువ తిప్పి వెనక్కి వదలాలి. లేకపోతే రోడ్డెక్కిన మొదటి కిలోమీటరులో చక్రం టిక్కుటిక్కుమంటూ అదే విప్పుకుంటుంది.

మధ్యలో మూడుసార్లు జంట చువ్వల్ని కలిపి రెండు చేతులతో గట్టిగా పిండాను. అరచేతుల్లో గీతలు పడేంత గట్టిగా. కొత్త చువ్వ వంపు హబ్బు అంచుకి పూర్తిగా ఆనదు, లోపల బలవంతపు ఒత్తిడి మిగిలిపోతుంది. పిండితే వంపు తన చోట కూర్చుంటుంది, ఆ ఒత్తిడి పోతుంది. ఇంతకుముందు వేసిన నాలుగు చువ్వల్లో ఒక్కదానికీ నేనిది చేయలేదు. ఇరవై నిమిషాల్లో పని తెమిల్చిన గర్వం ఒకటి.

చివరి సాయంత్రం స్నేహితుణ్ణి పిలిచాను. మీటరు అప్పటికే తిరిగిచ్చేయాల్సి వచ్చింది. చువ్వలు ఒకదాన్నొకటి దాటే చోటుకి పైన, రిమ్ము వైపు భాగాన్ని మీటమన్నాను. వాడు కళ్లు మూసుకుని ఎడమ వైపు 14 మీటాడు. "మూడోది కొంచెం దిగింది. తొమ్మిదోది ఎక్కువైంది." నేను పావు చుట్టు, వీసం చుట్టు (చుట్టులో పదహారో వంతు) తిప్పడం. అలా గంటన్నర. తర్వాత కుడి వైపు. ఆఖరికి ఎడమది ఒకటి, కుడిది ఒకటి మీటి నవ్వాడు. "ఎడం వైపు స అనుకుంటే, కుడి వైపు ప్రతి మధ్యమం పలుకుతోంది."

నాకు సంగీతం రాదు కానీ ఆ మాట రాసిపెట్టుకుని రాత్రి లెక్కేశాను. తీగ పలికే శృతి బిగువు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. బిగువు రెట్టింపైతే శృతి 1.414 రెట్లు. ఒక స్థాయిని 12 స్వరస్థానాలు చేస్తే సరిగ్గా ఆరు మెట్లు పైన పడేది ప్రతి మధ్యమం, అదీ 1.414 రెట్లే. అంటే ఎడమ వైపు బిగువు కుడి వైపులో సగం ఉందని వాడు మీటరు లేకుండా చెప్పేశాడు! ఒక స్వరస్థానం తేడా అంటే బిగువులో 12 శాతం. అరస్వరం పట్టగల చెవికి ఆరు శాతం తేడా దొరుకుతుంది. నేను వాడిన మీటరు నమ్మకం కూడా అంతకంటే గొప్పదేం కాదు. రెండు వైపులా ఒకే మందం చువ్వలు ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది, అది మర్చిపోకూడదు. తర్వాత మీటరు మళ్లీ తెచ్చి చూస్తే కుడి వైపు 112 నుంచి 120, ఎడమ వైపు 54 నుంచి 62.

రేసు రోజు

జూన్ చివరి ఆదివారం. ముందు రోజు రాత్రి ఎనిమిది సైకిళ్లూ కడిగి, చైనులు కొలిచి, హ్యాండిల్ బోల్టులు టార్కు పానాతో చూసుకుని, ఒంటిగంటకి పడుకున్నాను. కుర్రాడు ఏడో స్థానంలో వచ్చాడు. మూడు లోపు అనుకున్నాడు, కాబట్టి సంతోషం లేదు. ఆఖరి మలుపులో తప్పు మనిషి చక్రం వెనక ఇరుక్కున్నాడు, దానికి నా దగ్గర మందు లేదు. వాడి చక్రం చప్పుడు చేయలేదు.

చప్పుడు తర్వాత వచ్చింది. మధ్యాహ్నం సైకిళ్లు వ్యాన్ పైన కట్టి, ముంజలు తింటూ చెట్టు కింద కూర్చున్నాం. పైనుంచి ఢామ్మని పేలింది. అందరూ నా వైపు చూశారు. "అన్నా, మళ్లీ చువ్వేనా?" అన్నాడు వాడు, ముంజ నోట్లో ఉండగానే. ట్యూబు. తెల్లవారుజామున 90 పీఎస్ఐ కొట్టిన గాలి, ఎండలో టైరు 60 డిగ్రీలకి వేడెక్కితే 100 దాటుతుంది. అప్పటికే టైరు అంచు ఒకచోట చిరిగి ఉంది. రేసు అయ్యాక గాలి సగం తీసేయాలని అందరికీ చెప్పేది నేనే, తీయడం మర్చిపోయిందీ నేనే.

ఆగస్టులో, 1,100 కిలోమీటర్ల తర్వాత, చక్రం మళ్లీ స్టాండెక్కించాం. 28లో 27 చువ్వల శృతి మారలేదు. ఎడమ వైపు ఒకటి అరస్వరం దిగింది, వీసం చుట్టుతో సరిపోయింది. ఒక్క చువ్వా తెగలేదు. కానీ రిమ్ము తుడుస్తుంటే కుడి వైపు ఒక నిప్పిల్ రంధ్రం పక్కన వెంట్రుకలాంటి గీత కనిపించింది, మూడు మిల్లీమీటర్లు. గోరుతో గీకితే తగులుతోంది. పగులే. ఎన్నేళ్లు వాడారో తెలియని రిమ్ముకి, ఎంత బిగువు తట్టుకుంటుందో చెప్పే స్టిక్కరు కూడా లేనిదానికి, నేను కుడి వైపు 120 దాకా ఎక్కించాను. 100 దగ్గర ఆగి ఉంటే ఎడమ వైపు 50 వచ్చేది, అదీ చాలేది. తెగిన చువ్వల భయంలో రెండో వైపు పడ్డాను.

"ఇంకా తిరుగుతుంది కదా అన్నా" అన్నాడు కుర్రాడు. తిరుగుతుంది, కానీ సాలూరు ఘాట్ దిగేటప్పుడు దాని మీద ఎవరినీ కూర్చోబెట్టను. విప్పి, రిమ్ముని షాపు గోడకి తగిలించాను. అదే లోతు రిమ్ము దొరికితే ఆ 28 చువ్వలూ మళ్లీ పనికొస్తాయి, లేకపోతే పొడుగు సరిపోదు. విశాఖలో చెప్పి ఉంచాను. పైడితల్లమ్మ పండగలోపు తెస్తానన్నారు.